బెత్తం పోయింది, ముద్ర మిగిలింది

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నేను ఉద్యోగంలో చేరింది ఆ తర్వాతే. బెత్తం పట్టిన పాపం నాకు లేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. చేతిలో ఎర్ర పెన్నుందన్న సంగతే పట్టించుకోలేదు.

హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక బస్తీల పిల్లలు చదివే సర్కారు బడి మాది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుపక్కల కట్టడాలు ఆగలేదు, కూలికొచ్చే జనమూ ఆగలేదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి మేస్త్రీలుగా, వాచ్‌మన్లుగా, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌లో కుదిరినవాళ్ల పిల్లలే మా దగ్గర ఎక్కువ. ఆలస్యంగా వచ్చేవాళ్ల పేర్ల పక్కన రిజిస్టర్లో ఎర్ర చుక్క పెట్టేదాన్ని. జూన్‌లో పై తరగతి టీచర్‌కు అప్పగించేటప్పుడు, ‘వీళ్లతో కాస్త జాగ్రత్త’ అని చూపించడానికి ఆ చుక్కలు పనికొచ్చేవి.

మనిషి చేసిన పని కంటే, దానికి నలుగురూ వేసే ముద్రే అతన్ని చెడ్డవాణ్ని చేస్తుందన్న సమాజశాస్త్రవేత్త హోవార్డ్ బెకర్ వాదం బీఎడ్‌లో చదివాను, పరీక్షలో రాశాను. రోజెంతాల్, జేకబ్‌సన్‌లు 1968లో ప్రచురించిన ప్రయోగమూ చదివాను. కాలిఫోర్నియాలోని ఒక బడిలో కొందరు పిల్లల్ని ఊరికే లాటరీ తీసినట్టు ఎంపికచేసి, ‘వీళ్లు బాగా ఎదుగుతారు’ అని టీచర్లకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి చిన్న తరగతుల్లో ఆ పిల్లలే ముందుకెళ్లారట. ఆ ఫలితాలపై తర్వాత చాలా వాదాలు నడిచాయి. నా చుక్కల జాబితా దానికి తిరగేసిన రూపమని మాత్రం నాకు తట్టలేదు.

ఎక్కువ చుక్కలున్న కుర్రాడి తండ్రిని పిలిపించాను. రాత్రి డ్యూటీ యూనిఫాంలోనే వచ్చాడు. “ఆళ్లమ్మ ఆరింటికే పనికి పోతది టీచరమ్మా. నేను డ్యూటీ దిగొచ్చేసరికి తొమ్మిదైతది. అప్పటిదాంక చెల్లెను వీడే చూస్కోవాలె” అన్నాడు.

సిగ్గుపడ్డాను. వెంటనే ఇంకో తప్పు చేశాను. ఈసారి ఇంకో సమాజశాస్త్రవేత్త బోర్దియోను అడ్డం పెట్టుకున్నాను. ఇంట్లోంచి వచ్చే భాష, పుస్తకాలు, అలవాట్లు కూడా ఒక పెట్టుబడేనని, బడి దాన్ని చూసే మార్కులు వేస్తుందని ఆయన విశ్లేషణ. ఆ పెట్టుబడి ఈ పిల్లవాడికి లేదు కదా అని హోంవర్కు అడగడం మానేశాను, ప్రశ్నలు వేయడం మానేశాను. దాన్నే దయ అనుకున్నాను. ఒకరోజు వాడే అడిగాడు: “నన్నెందుకు అడగరు టీచర్? నాకొచ్చు.”

బోర్దియో తప్పుపట్టింది బడిని. నేనేమో ఆ మాటల్ని పిల్లవాడి మీదికి తిప్పాను. మొండి అన్న పాత ముద్ర తీసేసి, పాపం అన్న కొత్త ముద్ర వేశాను.

బీఎడ్‌లో చదివిన మరో సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్‌ను మళ్లీ తెరిచాను. శిక్ష నొప్పి కలిగించడానికి కాదు, నియమం ఇంకా బతికే ఉందని అందరికీ తెలియడానికి అంటాడాయన. అంటే ఒకరికి నియమం సడలించడమంటే వాణ్ని తరగతి లెక్కలోంచి తీసేయడమే. ఇప్పుడు మా తరగతిలో ఎవరు ఆలస్యమైనా, తప్పిన పాఠం ఇంటర్వెల్లో పక్కవాళ్ల నోట్సు చూసి రాసుకోవాలి. వాడికీ అంతే, క్లాస్ లీడర్‌కీ అంతే. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో చిక్కుకుని నేను ఆలస్యమైతే, ఎందుకైందో పిల్లలకు చెప్తాను.

ఆలస్యాలు ఇంకా రాస్తున్నాను, కానీ పక్కన కారణం కూడా రాస్తున్నాను. జూన్‌లో రిజిస్టరు అప్పగించేటప్పుడు పిల్లల గుణగణాలు చెప్పను. ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో, ఎవరింట్లో పెద్దవాళ్లు ఏ వేళకు దొరుకుతారో చెప్తాను. కొత్త టీచర్‌కు అది చాలు.