చీల్చిన గడ లోపల

గుంటూరు

చి.సౌ. అమ్మాయికి,

ఇక్కడి మిరప యార్డులో తాలుకాయలని వేరుచేసి తక్కువ ధరకు అమ్మే రంగు వెలిసిన కాయల్లో కాయకుళ్ళు సోకినవీ ఉంటాయి. వాటి మచ్చలపై వలయాలుగా లేచిన నల్లని చుక్కలను సూక్ష్మదర్శిని కింద పెడితే, నిటారైన నల్లని నూగు నడుమ కొడవలిలా వంగిన సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రం వ్యాప్తికి వదిలే సూక్ష్మకణాలు, కనిపిస్తాయి. శిలీంధ్ర శాస్త్రవేత్త సైడో 1913లో వర్ణించిన ఈ శిలీంధ్రాన్ని అదే రంగానికి చెందిన బట్లర్, బిస్బీ 1931లో కొల్లెటోట్రైకమ్ ప్రజాతిలో చేర్చారు. చెరకులో ఎర్రకుళ్ళు తెచ్చే కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ దీనికి దాయాది. అయితే మిరపకాయపైనే నిటారు కడ్డీల వంటి బీజాలున్న మరో జాతి కూడా దాదాపు ఇవే మచ్చలు వేస్తుంది కనుక, మచ్చను బట్టి జాతి పేరు చెప్పడం తొందరపాటే.

వుయ్యూరు

కృష్ణ దాటాక చెరకు మొదలవుతుంది. ఎర్రకుళ్ళు సోకిన మొక్కలో పైనుంచి మూడో నాలుగో ఆకు పసుపుబారి ఎండుతుంది, కానీ నీటి ఎద్దడిలోనూ ఆకులు అలాగే ఎండుతాయి గనుక అంతటితో నిర్ధారణ కాదు. గడను నిలువునా చీల్చితే లోపలి కండ ఎర్రబారి, ఆ ఎరుపుకు అడ్డంగా తెల్లని మచ్చలు పడి, పులిసిన సారా వాసన వేస్తుంది. నిజమైన గుర్తు ఆ తెల్లమచ్చలే. వడలు తెగులులో అవి ఉండవు, కండ మురికి ఊదారంగుకు తిరిగి గడ బోలుబారుతుంది; బట్లర్, అబ్దుల్ హఫీజ్ ఖాన్ 1913లో దానిని వేరే శిలీంధ్రం పనిగా వర్ణించేదాకా ఈ రెండూ కలగాపులగంగా ఉండేవి. కాటుక తెగులు మాత్రం మొవ్వులోంచి నల్లని కొరడాను బయటికి తెచ్చి తనను తానే పట్టిస్తుంది.

ప్రయోగశాలలో ఎర్రని, ఆరోగ్యవంతమైన కండలు కలిసే అంచునుంచి చిన్న ముక్క తీసి, ఉపరితలాన్ని శుద్ధిచేసి, బంగాళాదుంప అగర్ మాధ్యమంపై పెంచుతారు. పెరిగినదానిని మంచి గడలోకి ఎక్కించినప్పుడు అదే తెగులు వచ్చి, ఆ గడనుంచి అదే శిలీంధ్రం మళ్లీ దొరికితేనే నేరం రుజువైనట్టు.

సామర్లకోట

జావాలో వెంట్ 1893లో వర్ణించిన ఈ ఎర్రకుళ్ళు శిలీంధ్రం గోదావరి డెల్టాలో చెరకును దెబ్బతీయగా, మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త బార్బర్ దానిపై పరిశోధన జరిపాడు. ఆ క్రమంలోనే ఇక్కడి చెరకు పరిశోధన క్షేత్రం 1902లో వెలసింది. ఎర్రకుళ్ళుకు ‘రెడ్ రాట్’ అనే పేరు 1906లో బట్లర్ పెట్టినది. తెగులు ముఖ్యంగా విత్తనపు ముచ్చెలతో, అంటే నాటేందుకు నరికిన గడ ముక్కలతో, పాకుతుంది, అయినా కణుపుల్లో నిద్రాణంగా ఉన్న శిలీంధ్రం కంటికి ఆనదు. అందుకే విత్తనపు తోటను గడలు నిలిచి ఉండగానే తనిఖీ చేయాలి. ముచ్చె నరికినప్పుడు కోత ముఖం ఎర్రగా కనిపిస్తే ఆ గడ మొత్తాన్నీ తీసేయాలి.

ఇట్లు,
నాన్న