సముద్రం లేని మన దగ్గర సబ్‌మెరైన్ ముచ్చట

మా సిద్దిపేటలో నీళ్లంటే కోమటి చెరువే. సాయంత్రమైతే కట్ట మీద వాకింగ్, ఐస్‌క్రీమ్, సెల్ఫీలు. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో వైజాగ్ పోవాల్సిందే. మరి సబ్‌మెరైన్ ముచ్చట మనకెందుకంటారా? జవాబు నాకు వికారాబాద్ జిల్లాలో దొరికింది.

హైదరాబాద్ దాటి, చేవెళ్ల మర్రిచెట్ల మీదుగా పూడూరు మండలం చేరితే దామగుండం అడవి. లోపల పాత రామలింగేశ్వరస్వామి గుడి. దగ్గర్లోని అనంతగిరి కొండల్లోనే మన మూసీ పుడ్తది. ఇక్కడే నేవీ వీఎల్‌ఎఫ్ స్టేషన్‌కు 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు.

అడవిల నేవీకి ఏం పని? ఉప్పునీళ్లలోకి మామూలు రేడియో సిగ్నల్ పోదు. మన ఫోన్ టవర్ సిగ్నలైతే అసలే పోదు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న వీఎల్‌ఎఫ్ తరంగాలే కొన్ని మీటర్ల లోతుకు దిగుతయ్. ఒక్కో తరంగం పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు! అవి వేల కిలోమీటర్లు పోతాయి కాబట్టి స్టేషన్ సముద్రం ఒడ్డునే ఉండాలని లేదు. కానీ భారీ యాంటెన్నాలకు జాగా బాగా కావాలె.

డీజిల్ సబ్‌మెరైన్ బ్యాటరీల ఛార్జింగ్ కోసం గాలి తీసుకోడానికి పైకి రావాలి. అణు సబ్‌మెరైన్‌కు ఆ బాధ లేదు. రియాక్టర్ వేడికి నీళ్లు ఆవిరై టర్బైన్ తిప్పుతయ్. తిండి ఉన్నన్ని రోజులు లోపలే ఉండొచ్చు. రష్యా నుంచి లీజుకు తెచ్చిన ఐఎన్ఎస్ చక్ర అట్లాంటిదే. 2012లో వైజాగ్‌లో నేవీలో చేరి, 2021లో తిరిగి వెళ్లిపోయింది. సొంతంగా రెండు అణు దాడి సబ్‌మెరైన్లు కట్టడానికి కేంద్రం 2024లో ఓకే చెప్పింది. నీళ్లకింద నెలల తరబడి దాక్కునే ఓడకు కబురు పంపాలంటే వీఎల్‌ఎఫ్ లాంటి దారి కావాల్సిందే. తమిళనాడులో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 1990 నుంచి ఆ పనే చేస్తోంది.

అయితే దామగుండంలో ఇచ్చింది దాదాపు 2,900 ఎకరాల అడవి. చెట్లు పోతే మూసీకి నీళ్లెట్ల, మేకలు మేసేదెక్కడ అని చుట్టుపక్కల జనం, పర్యావరణవేత్తలు పోరాడారు. దేశానికి ఇది అవసరమని ప్రభుత్వం అన్నది.

నాకు రెండూ నిజమే అనిపించింది. సముద్రం అడుగున ఉన్న జవాన్‌కు కబురు అందాలి. అట్లనే మూసీ పుట్టినచోట చెట్టూ బతకాలి. కొట్టే ప్రతి చెట్టుకూ లెక్క అడగడం దేశానికి అడ్డుపడటం కాదు. వీలైతే ఒకసారి అనంతగిరి దిక్కు పోయి రండి. మూసీ మొదలు చూస్తే ఆ లెక్క ఎందుకు అడగాలో మీకే తెలుస్తది.