పెట్టె ఖరాబ్ కాదు

కంప్యూటర్ బల్ల మీది స్పీకర్లను మన దగ్గర ఎవరైనా చేత్తో తయారు చేస్తున్నారా, చూసి రాయండని సంపాదకులు అడిగితే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. గల్లీ గురించి చెప్పను, అక్కడికి వెళ్లినవాళ్లకు అది తెలిసిందే. ఒక మేడ మీది గదిలో మెకానిక్ చేస్తున్న పని ఒక్కటే చెబుతాను. రిపేరుకు వచ్చిన ఒక జత స్పీకర్లను ఆయన విప్పాడు. ఖాళీ అయిన ఎడమ పెట్టెలో పాలిథిన్ కవరు పరిచి, లీటరు డబ్బాతో కొలుస్తూ బియ్యం పోశాడు. తర్వాత కుడి పెట్టెలోనూ అలాగే పోశాడు. కుడిదానిలో దాదాపు అర లీటరు తక్కువ పట్టింది. బయటి నుంచి చూస్తే రెండు పెట్టెలూ కవలపిల్లలే. కానీ కుడిదాని లోపల ట్రాన్స్‌ఫార్మర్, యాంప్లిఫయర్ బోర్డు, అల్యూమినియం హీట్‌సింక్ కూర్చుని ఉన్నాయి. వాటి కోసం స్పీకరుకు దక్కాల్సిన గాలిని కోసేశారు. ఆ అర లీటరు తేడా చూశాక నాకు ఒక మాట ఖాయమైంది. బల్ల మీది స్పీకరుకు యాంప్లిఫయర్ బయటే ఉండాలి. ఇది పాతకాలపు మోజుతో అంటున్న మాట కాదు. చిన్న పెట్టె నుంచి మంచి ధ్వని రాబట్టాలంటే మొదట తేల్చుకోవలసిన లెక్క ఇదే.

స్పీకరు కోన్ వెనక ఉన్న గాలి ఉత్త ఖాళీ కాదు, అదొక స్ప్రింగు. పెట్టె ఎంత చిన్నదైతే స్ప్రింగు అంత బిగుతు, బేస్ అంత పైనే ఆగిపోతుంది. ఏ స్పీకరుకు ఎన్ని లీటర్ల పెట్టె కావాలో ఉజ్జాయింపుగా కాక లెక్క కట్టి చెప్పే దారిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో చూపించాడు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తి చేశాడు. ఆ లెక్కలో లీటరుకే కాదు, పావు లీటరుకూ విలువ ఉంది. 20 సెంటీమీటర్ల ఎత్తు, 13 వెడల్పు, 15 లోతు ఉన్న పెట్టె బయటి కొలత 3.9 లీటర్లు. 12 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ చెక్కతో చేస్తే లోపల మిగిలేది 2.35 లీటర్లే. గట్టిగా ఉండాలని 18 మిల్లీమీటర్ల చెక్క వాడితే 1.76కు దిగుతుంది. అసలే చెక్క సగం మింగేసిన చోట ఇంకో అర లీటరు యాంప్లిఫయరుకు ఇవ్వడమంటే అద్దెకున్నవాడికి వంటగది కూడా రాసిచ్చినట్టే. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే పెద్ద శబ్దం, ఈ మూడూ ఒకేచోట దొరకవని స్పీకర్ల తయారీదారులు ఎరిగిన పాత సూత్రం. కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ పేరులోని ‘హెచ్’ అయిన హాఫ్‌మన్ పేరు మీదుగా అది చలామణిలో ఉంది. బల్ల మీద పెట్టె చిన్నదిగానే ఉండక తప్పదు గనక, బేస్ కావాలంటే కరెంటు ఎక్కువ ఖర్చు పెట్టాలి. ఖర్చయిన కరెంటు వేడిగా మారుతుంది. ఆ వేడిని ఎక్కడ ఉంచుతామన్నదే అసలు ప్రశ్న.

మూసిన చెక్కపెట్టెలో ఉంచుతామంటే, అందులో ముందుగా పోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటరు, పది డిగ్రీలు చల్లబడిన ప్రతిసారీ సుమారు రెట్టింపు కాలం బతుకుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక ఉజ్జాయింపు లెక్క. 55 డిగ్రీల పెట్టెలో 16,000 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున అయిదున్నరేళ్లు. అదే బోర్డు గాలాడే డబ్బాలో 45 డిగ్రీల దగ్గర ఉంటే పదకొండేళ్లు. చెక్కకు, అయస్కాంతానికి, రబ్బరు అంచున్న కోన్‌కు ఈ తొందర లేదు, దశాబ్దాలు నిలుస్తాయి. ముప్పై ఏళ్లు బతికేదాన్ని అయిదేళ్లు బతికేదానికి కట్టిపడేసి, చిన్నది పోగానే రెండిటినీ కలిపి చెత్తలో వేయించడాన్ని డిజైన్ అంటున్నాం. మెకానిక్ మాటల్లో ఇది ఒక్క ముక్క: “పెట్టె ఖరాబ్ కాదు సార్. దాంట్ల పెట్టినయే ఖరాబైతయ్.”

అప్పుడే ఒక కుర్రాడు తన జత తీసుకోవడానికి వచ్చాడు. “అన్నా, దీని మీద వెయ్యి వాట్లని రాసుంది గదా, మీరు పెట్టే బోర్డు అంత ఇస్తదా?” అని అనుమానం. “ఆ స్టిక్కరుకు కరెంటు అక్కర్లే తమ్మీ,” అన్నాడాయన, తలెత్తకుండానే. నవ్వుకునే మాటే గాని, అందులో ఒక ఫిర్యాదుంది. పీఎంపీఓ పేరుతో పెట్టెల మీద అచ్చేసే వాట్లకు ఏ కొలతా ఆధారం కాదు. యూఎస్‌బీ తీగతో నడిచే స్పీకరుకు పాత తరహా యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. లోపలికి రెండున్నర వెళ్తే బయటికి వందలు ఎలా వస్తాయో చెప్పాల్సింది స్టిక్కరు వేసినవాళ్లే. నిజానికి అన్ని వాట్లు అక్కర్లేదు కూడా. ఒక వాటుకు మీటరు దూరంలో 85 డెసిబెల్ ఇచ్చే మామూలు స్పీకరు రెండడుగుల దూరంలో కూర్చున్న చెవికి దాదాపు 89 ఇస్తుంది. పని చేసుకుంటూ పాట వినడానికి వాటులో పదో వంతు కూడా ఖర్చు కాదు. డోలు దెబ్బ పడిన క్షణానికి అంతకు వంద రెట్లు కేటాయించినా పది వాట్లు చాలు. యాంప్లిఫయర్ విడిగా ఉంటే ఈ బేరంలో మోసం కష్టం. దాని వాట్లు దాని మీద, స్పీకరు ఓమ్‌లు స్పీకరు మీద రాయాల్సిందే. అంతా ఒకే పెట్టెలో మూసేసినప్పుడే స్టిక్కరుకు నోరు పెరిగింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. రికార్డింగ్ స్టూడియోల్లో ఇప్పుడు వాడేవి ఎక్కువగా యాంప్లిఫయర్ లోపలే ఉన్న మానిటర్లు. వాటిలో బేస్ మోగించే ఊఫర్‌కు ఒక యాంప్లిఫయర్, సన్నని ధ్వనుల ట్వీటర్‌కు మరొకటి. శబ్దాన్ని ముందే రెండుగా విడగొట్టి, స్పీకరు లోపాలను అక్కడే సరిదిద్ది పంపుతారు. ఆ పద్ధతి గొప్పదే. అయితే ఆ గొప్పతనం ఒక్కో యూనిట్‌కు విడి యాంప్లిఫయర్ ఇవ్వడంలో ఉంది, దాన్ని పెట్టెలోకి దూర్చడంలో లేదు. శబ్దాన్ని అలాగే ముందే విడగొట్టి, నాలుగు చానళ్ల యాంప్లిఫయరును బయట పెట్టినా అదే ఫలితం వస్తుంది. పైగా మెకానిక్ బల్ల మీది జతలో ఉన్నది ఒక్కో వైపుకు ఒకే యాంప్లిఫయర్, ట్వీటర్‌కు దారిలో ఒక 3.3 మైక్రోఫారడ్ కెపాసిటర్. స్టూడియో మానిటరు పేరు చెప్పి దీన్ని సమర్థించడం పట్టుచీర చూపించి పాత దుప్పటి అమ్మడమే. దగ్గర కూర్చుని వినడానికి చేసిన చిన్న స్పీకర్లలో పేరు పొందిన ఎల్‌ఎస్3/5ఏను బీబీసీ ఇంజనీర్లు 1970లలో రూపొందించింది బయటి ప్రసారాల వ్యాన్‌లో ఇరుకుగా కూర్చునే మనిషి కోసం. ఒక అడుగు ఎత్తు, పలుచని బర్చ్ ప్లైవుడ్, యాంప్లిఫయర్ బయట. ఆనాటి జతలు ఇప్పటికీ మోగుతున్నాయి, చేతులు మారుతున్నాయి. వాటిని నడిపిన యాంప్లిఫయర్లు ఎన్ని మారాయో ఎవరూ లెక్కపెట్టరు, పెట్టనక్కర్లేదు కూడా.

బల్ల మీద చోటెక్కడిది, తీగల గందరగోళం ఎవరు పడతారు అనేవాళ్లున్నారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, కిలో బరువు హీట్‌సింక్ ఉన్న రోజుల్లో అది సరైన ప్రశ్న. ఇప్పుడు టీపీఏ3116 వంటి క్లాస్-డి చిప్ పెట్టిన బోర్డు అరచేతిలో పడుతుంది. పాత ల్యాప్‌టాప్ పోతే మిగిలిపోయిన 19 వోల్టుల అడాప్టరుతోనే నడుస్తుంది, వేడి చాలా తక్కువ. మానిటరు వెనక అంటించేస్తే కంటికి కూడా కనబడదు. తీగ మాటకొస్తే, కలిపి అమ్మే జతలోనూ ఎడమ పెట్టెకు కుడి పెట్టె నుంచి తీగ వెళ్లాల్సిందే. ఇక ఈ విడి అమరిక మనకు కొత్తదేం కాదు. ఊళ్లో మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు యాంప్లిఫయరును, హారన్లను, పెట్టెలను వేర్వేరుగానే మోసుకొస్తాడు. పెళ్లి మధ్యలో ఒకటి పోతే దాన్నొక్కదాన్నే మారుస్తాడు, మిగతా సెట్టు మోగుతూనే ఉంటుంది. 4440 ఐసీ యాంప్లిఫయర్ బోర్డు మీద సోల్డరింగ్ నేర్చుకున్న తరం మెకానిక్‌లందరికీ ఈ తర్కం చేతి అలవాటు. దాన్ని మరిచిపోయింది కంప్యూటర్ స్పీకరు ఒక్కటే.

ఆ చేతి అలవాటును కోఠీ గదిలో మళ్లీ చూశాను. మెకానిక్ కుడి పెట్టె నుంచి ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు పీకేశాడు. వాల్యూమ్ నాబ్ ఉన్న కన్నాన్ని చెక్కబిళ్లతో, ఫెవికాల్‌తో మూశాడు. రెండు పెట్టెల వెనకా టెర్మినళ్లు బిగించాడు. తర్వాత ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసి స్పీకరు తీగలకు అలా తాకించాడు. ‘టక్’మని కోన్ ముందుకొస్తే ప్లస్ ఏదో తెలుస్తుంది. ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారైతే ఒక కోన్ తోస్తుంటే రెండోది లాగుతుంది, బేస్ మాయమవుతుంది. విడి యాంప్లిఫయరు తెలియనివాళ్ల చేతిలో ప్రమాదమన్న వాదనకు జవాబు ఆ సెల్లే. చివరికి పరీక్ష పాటతో కాదు, రేడియో వార్తలతో చేశాడు. ‘స’, ‘శ’, ‘ష’లు విడివిడిగా వినబడాలట. సరైన పరీక్షే. ‘స’ బలమంతా మిగతా రెండిటికన్నా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది, బేస్ కోసం పైవాటిని తొక్కేసిన స్పీకరులో మూడూ ఒకటే అవుతాయి. బల్ల పలక మీద తగిలి తిరిగొచ్చే ధ్వని గొంతును మొద్దుబారుస్తుందని పెట్టెల ముందు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి, చెవి వైపుకు కాస్త ఎత్తాడు. ఇంత చేసే మనిషికి కావాల్సిన అంకెలు మాత్రం దొరకవు. ఆ గదిలో అట్టపెట్టెల నిండా ఉన్న స్పీకర్ల మీద అంగుళాలు, ఓమ్‌లు, వాట్లు తప్ప ఏమీ లేవు. థీల్, స్మాల్ చెప్పిన కొలతల్లో ఒక్కటీ లేదు. అందుకే బియ్యం, చెవి.

రిపేరు ఖర్చు కొత్త జత ధరకు దగ్గరైతే ఎవరు చేయిస్తారన్నది చివరి వాదన. ఆ ఖర్చులో ఎక్కువ భాగం అతికించినదాన్ని విప్పడానికి, గీకేసిన ఐసీ నంబరును ఊహించడానికి పోతున్నదే. బోర్డు బయట డబ్బాలో ఉంటే అది నాలుగు తీగల పని. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. సెల్‌ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాలు ఆ చర్చలో ముందున్నాయి. ఇలాంటి చిన్న వస్తువుకు అడగాల్సినదీ చిన్నదే: నిజమైన వాట్లు, ఓమ్‌లు, ఒక వాటుకు ఎన్ని డెసిబెల్‌లు అన్నవి పెట్టె మీద అచ్చెయ్యాలి, వెనక రెండు టెర్మినళ్లు పెట్టాలి. అది జరిగేలోగా, మీ కుడి స్పీకరు మూగబోతే జతను పాత సామాన్లవాడికి వెయ్యకండి. ముందు నాలుగు స్క్రూలు విప్పి లోపలి స్పీకరు తీగలకు సెల్లు తాకించి చూడండి. టక్ మంటే అందులో స్పీకరు బతికే ఉంది.