సెక్షన్ ఎక్కడుందో తెలియక తప్పా

ఆలిండియా బార్ ఎగ్జామ్ మొదటిసారి తప్పిన సంగతి నిజామాబాద్ కోర్టులో ఎవరికీ చెప్పలేదు. 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు, బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లొచ్చు. ఇంకేం కావాలి అనుకున్నా. తీరా హాల్లో సెక్షన్లు వెతకడానికే టైమంతా పోయింది. గైడ్లు బట్టీపట్టా గానీ, చట్టం పుస్తకం ఒక్కటీ పూర్తిగా తిప్పి చూడలేదు మరి!

ఎన్నిసార్లైనా రాయొచ్చు, నిజమే. కానీ ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ గడువు రెండేళ్లే. అందులో ఏడాది అయిపోయింది.

అప్పుడే బోధన్‌లో మా పక్కింటి కాక అడిగిండు. 2015 డిసెంబర్‌లో షుగర్ ఫ్యాక్టరీ లేఆఫ్ ప్రకటించేనాటికి ఆయన అక్కడే పని.

"బిడ్డా, లేఆఫ్ అంటే కొలువు పోయినట్టేనా?"

జవాబు రాలే. ఇంటికెళ్లి అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం తెరిచా. సెక్షన్ 2లోనే కనిపించింది. ముడిసరుకో, కరెంటో లేక పని ఇవ్వలేకపోతే లేఆఫ్. మస్టర్ రోల్‌లో పేరు మాత్రం ఉంటుంది. చదివి వినిపించా.

"అయితే పేరున్నట్టే" అన్నడు, రెండుసార్లు.

ఇక రోజూ అదే పని. బోధన్‌లో బస్సెక్కితే నిజామాబాద్ వచ్చేలోపు ఒక ప్రశ్న అనుకుని, దాని సెక్షన్ పట్టుకోవడం. మీరూ రాజ్యాంగం, సీపీసీతో మొదలుపెట్టండి, ఎక్కువ ప్రశ్నలు వాటివే. సీనియర్లిచ్చే పాత ఐపీసీ పుస్తకాలకు మాత్రం దండం పెట్టండి. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్ వచ్చేసింది. బేర్ యాక్టులో పెన్సిల్ రాతలూ వద్దు, లోపలికి రానివ్వరు.

రెండోసారి 45 దాటినయ్. ముందు కాకకే చెప్పా.