నాలుగో మూల

అమ్మమ్మ పోయినప్పుడు అక్క రాలేకపోయింది. వీసా గొడవలో ఉంది, వస్తే తిరిగి ఎప్పుడు వెళ్తుందో తెలీదు. డల్లాస్‌లో కూర్చుని అన్నీ వీడియో కాల్‌లోనే చూసింది. పెద్దకర్మ అయ్యాక ఒక్కటే అడిగింది: "అమ్మమ్మ చీర ఒకటి నాకు పంపండి."

"చీర పంపితే బీరువాలో దాచుకుంటుంది. బొంత కుట్టి పంపుదాం, కప్పుకుంటుంది" అంది అమ్మ.

అక్క వెంటనే, "నువ్వెందుకు కష్టపడటం? ఇక్కడ లాంగ్ ఆర్మ్ మెషిన్లుంటాయి. గుడ్డలు పంపెయ్, ఒక్క పూటలో కుట్టేసి ఇస్తారు" అంది. అమ్మ ఏం మాట్లాడలేదు. ఆవిడకి మణికట్టు నొప్పి, పది నిమిషాలు సూది పట్టుకోలేదు. ఆ మౌనం చూడలేక "నేను కుడతా" అనేశాను. హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ణి. అప్పటిదాకా నేను కుట్టింది చొక్కా గుండీలు మాత్రమే.

రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నిడుబ్రోలు స్టేషన్లో దిగాను. అమ్మ పెట్టె తీసింది. పైకి అమ్మమ్మ నీలం మంగళగిరి చీర. లోపల రెండు పొరలు తాతయ్య పంచెలు. అడుగున మెత్తటి వాయిల్ చీర. మంగళగిరి చీర జరీ అంచుని కత్తిరించి, 5 అడుగుల బొంతకి చుట్టూ ఫ్రేములా జోడించాం. చూడటానికి చాలా బాగుంది. కుట్టడమే మిగిలింది.

ఇక్కడే నా ఇంజనీర్ బుర్ర పనిచేసింది. ముందు నాలుగు అంచులూ బిగించేస్తే గుడ్డ కదలదు, తర్వాత లోపల ఎలా కుట్టినా ఫర్వాలేదు అనుకున్నా. అమ్మ గుడికెళ్ళినప్పుడు మొదలుపెట్టి రెండు రోజుల్లో అంచంతా పూర్తి చేశాను. వరుసలు లోపలికి వస్తున్న కొద్దీ మధ్యలో గుడ్డ లేచింది. ముందు చిన్న ముడత. తర్వాత అరచేయంత ఉబ్బు. ఎటు సాగదీసినా పోదే!

అమ్మ చూసి, "ఏందిరా ఇది, బొంతా? పూరీనా?" అంది.

నవ్వొచ్చింది కానీ, కుట్లు విప్పుతుంటే ఆ నవ్వు పోయింది. ఏళ్ళ తరబడి ఉతికిన చీర. దారం లాగిన చోటల్లా చిల్లులు మిగిలాయి. ఒకచోట అంగుళం మేర పరక్‌మని చిరిగింది. కోడ్ అయితే వెనక్కి వెళ్ళి పాత వెర్షన్ తెచ్చుకుంటాం. ఈ చీరకి ఇంకో కాపీ లేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అమ్మ నేల తుడిచి, బొంతని పరిచి, నా పక్కన కూర్చుంది. "సూది వెళ్ళిన ప్రతిసారీ గుడ్డని కాస్త ముందుకి తోస్తుందిరా. ఆ మిగులు ఎటన్నా పోవాలి. నువ్వు నాలుగు వైపులా తలుపులేశావు. అది యాడికి పోద్ది?"

అంతే విషయం. మా సీనియర్లు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

అప్పుడు వరస మార్చాం. ముందు పొరలు కదలకుండా, మధ్య నుంచి నాలుగు వైపులకీ జానెడు దూరంలో పొడుగు టాకాలు. ఆ తర్వాత అసలు కుట్టు. నడిమధ్యన నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస. అక్కణ్ణుంచి ఒక్కో భాగం బయటికి. ప్రతి నాలుగు వరసలకీ అరచేత్తో మిగులుని అంచు వైపు తోయడం. మధ్య భాగం అంతా అయ్యాకే అంచు కలిసే గీత మీద కుట్టు. చివర్లో అంచు, అదీ ఒక్కో వైపు నడుమ నుంచి మూలలకి. జరీ అంచు బిగుతు, సాగదు. ఒంటి గుడ్డ మెత్తబడి సాగుతుంది. అందుకే సాగేదాన్ని ముందు సర్దాలి, సాగనిదాన్ని ఆఖర్న.

అక్క ఊరుకోకుండా వాళ్ళ క్విల్ట్ షాపులో అడిగింది. లాంగ్ ఆర్మ్ మెషిన్ మీద మధ్య నుంచి మొదలుపెట్టరట. గుడ్డని రోలర్లకి చుట్టి బిగిస్తారు, ఒకసారికి ఒక పట్టీయే బయటికి కనిపిస్తుంది. కాబట్టి పై అంచు, తర్వాత ఆ వరసలో ఉన్న మధ్య భాగం, పక్క అంచులు, అలా దిగుతూ ఆఖరికి కింది అంచు. మిగులంతా కిందికి జారుతుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఉండే సిద్దీ ఆడవాళ్ళ కవంది బొంతలది ఇంకో దారి. వాళ్ళు మూల నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. నేను చేసిన తప్పే కదా అనుకున్నా. కాదు! వాళ్ళు పై ముక్కల్ని ముందే అతికించరు. కుడుతూ ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతారు. అందుకే ముడత పడదు.

ఏ వరసైనా సరే, గుడ్డకి ఒక దారి వదలాలి. అదొక్కటే రూల్.

రోజూ ఆఫీసు పని అయ్యాక కుట్టేవాణ్ణి. అమ్మ పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేది. అమ్మమ్మ గురించి మాట్లాడేది. పోయిన రోజు నుంచి అప్పటిదాకా ఆవిడ ఏడవలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఒకరోజు మాటల మధ్యలో ఏడ్చింది. నేను సూది ఆపలేదు. ఆపితే ఆవిడ కూడా ఆపేస్తుందేమో అనిపించింది.

చిరిగినచోట ఆ నీలం చీర జాకెట్టు ముక్క అతికాం. దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. తెలియనీ.

పదకొండో రోజుకి మూడు మూలలు అయ్యాయి. నాలుగోది మొదలుపెడుతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "అది ఉంచు" అంది.

సూదీ, నీలం దారం చిన్న డబ్బాలో పెట్టి, బొంతతో పాటు పార్సిల్ చేశాం. పార్సిల్ చేరిన రాత్రి అక్క వీడియో కాల్ చేసింది. ఒళ్ళో బొంత ఉంది. సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది, కళ్ళు తుడుచుకుంటూ ఉంది మరి. అమ్మ ఇక్కణ్ణుంచి చెబుతోంది: "తొందరేం లేదమ్మా. ముందు చేత్తో సర్దు. తర్వాత కుట్టు."