రాలుకాయ ఉన్నన్నాళ్లు

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారి పొడవునా మామిడి తోటలే. మే నెలలో కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక తోటకు వెళ్లాను. ముందు రాత్రి గాలివాన కొట్టడంతో బంగినపల్లి, కలెక్టర్, చిన్నరసం కాయలు చాలా చెట్ల కింద పరుచుకుని ఉన్నాయి. దెబ్బ తగిలిన కాయకు మార్కెట్లో ధర పలకదు. తోట కౌలుకు తీసుకున్నాయన తలపట్టుకుని కూర్చున్నాడు. కూలికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం ఆయన్ని అడిగి, పుల్లటివి ఏరి కొంగులో వేసుకుంటున్నారు. ఆయన నష్టపోయిన కాయే వాళ్లకు వారం రోజుల కూర.

మగవాళ్లు గెడలకు కట్టిన చిక్కాలతో కాయ దించుతుంటే ఆడవాళ్లు సొన కారనిచ్చి, కాయల్ని గ్రేడు చేస్తున్నారు. ఎండ ముదిరాక అందరూ చెట్టు నీడన చేరి క్యారేజీలు విప్పారు. ఇంచుమించు అందరిదీ ఒకటే భోజనం: దొడ్డు బియ్యం అన్నం, మామిడికాయ పప్పు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. ఒకామె నాకూ పెట్టింది. పప్పు రుచిగా ఉంది కానీ పలుకు తక్కువ, కాయ ఎక్కువ. "గుప్పెడు పప్పుకి రెండు కాయలు కోసేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోద్ది బాబూ. చింతపండు కొనే పని కూడా ఉండదు" అంది.

చేతిలో డబ్బు లేని ఇంట్లో వంట ఎలా సాగుతుందో సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు బాగా తెలిసింది. డాబా మీద ఉప్పు, పసుపు పట్టించిన మామిడి ముక్కలు గలగలమనేలా ఎండుతున్నాయి. ఈ ఒరుగులు డబ్బాకెత్తితే వానాకాలమంతా పప్పులోకి, పులుసులోకి పనికొస్తాయి. ఆవకాయకు నూనె, ఆవపిండి కొనాలి. ఒరుగులకు ఉప్పూ ఎండా చాలు. అందుకే ఆ ఇంట్లో ఆవకాయ చిన్న జాడీలో ఉంది, ఒరుగులు పెద్ద డబ్బాలో ఉన్నాయి.

బియ్యం సంగతి అడిగాను. 1983లో ఎన్టీ రామారావు కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టాక ఈ పల్లెల్లో అన్నం కుండకు ఒక భరోసా వచ్చింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. అంటే రోజుకు సుమారు 165 గ్రాములు. పొద్దస్తమానం గెడ పట్టే మనిషికి అది ఒక పూటకే సరి. మిగతా బియ్యం కొనాల్సిందే. పప్పు లెక్క ఇంకా కష్టం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు మనిషికి పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలి. అదంతా పప్పుతోనే తీర్చుకోవాలంటే నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలు కావాలి. కిలో కందిపప్పు నూరు దాటిన రోజుల్లో ఆ ఖర్చు ఏ కూలి ఇల్లు భరిస్తుంది? 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ మొదలైన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలే. పట్నంలో పనిచేసే వాళ్లకు అది నిజంగా పెద్ద ఆసరా. తోటలో పని వదిలి, ఆటో చార్జీ పెట్టుకుని అక్కడికి వెళ్లడం మాత్రం వీళ్లకు కుదరదు.

మామిడి ఆదుకుంటుంది కదా అని ఊరుకోవడానికి లేదు. పక్క రాష్ట్రం ఒడిశాలో, రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో ఇంట్లో గింజలు నిండుకున్న గిరిజనులు మామిడి టెంకల్లోని జీడితో జావ కాచుకుని తిన్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. వానకు తడిసి బూజు పట్టిన జీడి విషమవుతుంది. అన్నానికి తోడుగా ఉన్నంతవరకే మామిడి మేలు చేస్తుంది. అన్నమే లేనప్పుడు దాని మీద ఆధారపడితే ప్రాణం మీదికి వస్తుంది.

జూన్ దాటితే ఇక్కడ చెట్టుకు కాయ ఉండదు, కోత కూలీ ఉండదు. ఇంట్లో మిగిలేవి ఒరుగులు, కార్డు బియ్యం. సరిగ్గా ఆ నెలల్లోనే రేషన్ దుకాణంలో కందిపప్పు, నూనె తక్కువ ధరకు, ఏ నెలా తప్పకుండా దొరకాలి. గుప్పెడు పప్పుతో ఇల్లంతటికీ అన్నం పెట్టే నేర్పు ఈ ఆడవాళ్లకు ఉంది. ఆ గుప్పెడు రెండు గుప్పెళ్లయ్యే ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వం.