రొయ్య అమెరికా వెళ్తుంది, ఉప్పు ఊళ్లోనే ఉంటుంది

తెల్లవారుజామున నాలుగింటికి భీమవరం నుంచి మొగల్తూరు రోడ్డెక్కితే కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. చెవికి మాత్రం వినిపిస్తుంది. రోడ్డుకి రెండువైపులా చీకట్లో ఏరేటర్లు నీళ్లని చిలుకుతున్న చప్పుడు. కిలోమీటర్ల కొద్దీ అదే చప్పుడు. తెల్లారాక చూస్తే చెరువు పక్కన చెరువు, గట్ల మీద కొబ్బరి చెట్లు, పక్షులు వాలకుండా అడ్డంగా కట్టిన తాళ్లు, మేత బస్తాలు వేసుకుని గట్టు మీద బ్యాలెన్స్ చేసుకుంటూ వెళ్లే మోపెడ్లు. మధ్యమధ్యలో ఒకటో రెండో వరి చేలు, ఎవరో మర్చిపోయి వదిలేసినట్టు.

ఏరేటర్లు ఆ టైములోనే ఎందుకంత గట్టిగా తిరుగుతాయంటే, పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ అవ్వకపోతే మూడు నెలల కష్టం పొద్దున్నకి నీళ్లమీద తేలుతుంది.

నేను ఇక్కడికి వచ్చింది రొయ్యల వేపుడు తినడానికి కాదు (తిన్నాను, అది వేరే సంగతి). నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఒక వస్తువు ఎక్కడ పుట్టింది, దారిలో ఎంత నీరు, కరెంటు, కార్బన్ ఖర్చయింది అని చూపించే డ్యాష్‌బోర్డులు తయారుచేయడం మా టీమ్ పని. స్క్రీన్ మీద అన్నీ పచ్చ, పసుపు, ఎరుపు చుక్కలే. ఆ చుక్కల వెనకున్న నేల ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనిపించింది. డాలస్‌లో ఉండే మా కజిన్ తను కొన్న ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్ ఫొటో పంపాడు. దాని మీద ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని ఉంది. పక్కనే బీఏపీ అనే ముద్ర, దాని కింద నాలుగు నక్షత్రాలు.

నాలుగు నక్షత్రాలంటే

ఇది సినిమా రేటింగ్ కాదు. సప్లై చెయిన్‌లోని నాలుగు మెట్లకి నాలుగు నక్షత్రాలు. పిల్లల్ని పుట్టించే హేచరీ, మేత ఫ్యాక్టరీ, చెరువు, ప్రాసెసింగ్ ప్లాంట్. నాలుగూ ఆడిట్‌లో పాసైతే నాలుగు నక్షత్రాలు వస్తాయి. ప్లాంట్ ఒక్కటే పాసైతే ఒకటి.

సరే, నక్షత్రాల్ని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్దాం అనుకున్నా. భీమవరం కాలేజీలో చదివిన ఒక ఫ్రెండ్ వాళ్ల మేనమామ మొగల్తూరు వైపు చెరువులు చేస్తారు. కొంత సొంతం, కొంత లీజు. ఫ్రెండ్ అలవాటే నాకూ వచ్చి, ఆయన్ని మావయ్యగారూ అనే పిలిచా.

“రా బాబూ, ముందు ట్రే చూద్దాం. కాఫీ తర్వాత తాగొచ్చు” అన్నారు.

చెక్ ట్రే అంటే వల బిగించిన చిన్న పళ్లెం. అందులో కొంచెం మేత వేసి చెరువు అడుక్కి దించుతారు. రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే వచ్చే పూట తగ్గిస్తారు. ఖాళీ అయితే కాస్త పెంచుతారు. ఆయన ట్రే లాగి, రెండు రొయ్యల్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకి ఎత్తి, వీపు మీద నల్లటి గీత నిండుగా ఉందో లేదో చూశారు. అంతే, ఈ పూట రిపోర్ట్ అయిపోయింది.

మేం ఆఫీసులో ఎఫ్‌సీఆర్ అని పిలిచేది ఇదే. కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టింది అన్న లెక్క. ఐదు టన్నుల పట్టుబడి వచ్చిందనుకోండి. ఎఫ్‌సీఆర్ 1.5 అయితే 7.5 టన్నుల మేత. 1.3 అయితే 6.5 టన్నులు చాలు. ఒక టన్ను మేత మిగిలింది. రొయ్యల సాగు ఖర్చులో దాదాపు సగం మేతదే కాబట్టి ఇది రైతుకి నేరుగా డబ్బు. మేతలో చేపల పొడి, సోయా, గోధుమ పిండి ఉంటాయి. అంటే సముద్రంలో పట్టిన చేపా, ఎక్కడో పండిన సోయా కూడా ఆ మేరకి మిగిలినట్టే. తినని మేత అడుగున కుళ్లి బురద అవుతుంది. అదీ తగ్గుతుంది.

ఏ ఆడిటరూ చెప్పకుండానే ఆయన రోజూ దీన్ని కొలుస్తున్నారు. ఎందుకంటే తేడా వస్తే పోయేది ఆయన జేబు.

విమానమెక్కి వచ్చిన తల్లులు

ఈ చెరువుల్లో పెరిగేది మన రొయ్య కాదు. వెనామీ. దీని సొంతూరు పసిఫిక్ మహాసముద్రానికి అవతలి ఒడ్డు, మెక్సికో నుంచి పెరూ దాకా. అంతకుముందు ఇక్కడంతా టైగర్ రొయ్యే ఉండేది. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ దాన్ని ఊడ్చేసింది. 2009లో మన దేశంలో వెనామీ సాగుకి అనుమతి వచ్చింది. రోగాల్లేని తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి విమానంలో తెస్తారు. చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే అవి హేచరీలకి వెళ్తాయి. అక్కడ పుట్టిన పిల్లల్ని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రాత్రిపూట చెరువులకి తెస్తారు. అంటే డాలస్ ప్యాకెట్‌లోని రొయ్య వంశం ఒకసారి సముద్రాలు దాటి ఇటు వచ్చి, మళ్లీ సముద్రాలు దాటి అటు వెళ్తోంది.

ఎందుకింత హడావిడి అంటారా? 2023-24లో మన దేశం అమ్మిన సముద్ర ఉత్పత్తుల విలువ రూ.60,523 కోట్లు. అందులో రూ.40,013 కోట్లు ఒక్క ఫ్రోజెన్ రొయ్యదే. అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది.

వెయ్యి టన్నుల్లో ఒక గ్రాము

మధ్యాహ్నం భీమవరంలో ఒక ల్యాబ్‌కి వెళ్లా. ఈ ఊళ్లో టిఫిన్ సెంటర్లతో పోటీ పడేట్టు ఆక్వా ల్యాబులుంటాయి. పట్టుబడికి ముందు రొయ్య నమూనా తెచ్చి, నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమో చూస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి. ఆ పరీక్షలు పట్టుకునేది పార్ట్స్ పర్ బిలియన్ స్థాయిలో. ఒక బిలియన్‌లో ఒక వంతు అంటే వెయ్యి టన్నుల రొయ్యల్లో ఒక గ్రాము అన్నమాట!

ఇంత సూక్ష్మంగా ఎందుకు? యూరప్ 2016 నుంచి మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం తీసి పరీక్షిస్తోంది. అంతకుముందు పది శాతమే ఉండేది. దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి. ఆ భయం ప్లాంట్ నుంచి ఏజెంట్‌కి, ఏజెంట్ నుంచి రైతుకి, రైతు నుంచి మందుల షాపుకి దిగుతుంది. కొలత ఉంది, కొలతకి ధర ఉంది. కాబట్టి అలవాట్లు మారాయి.

పక్క మెట్టు దగ్గర మసక

చెరువు దగ్గర ఏజెంట్ వ్యాన్ వస్తుంది. కౌంట్ చూస్తారు. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే చిన్నవి. ధర మొత్తం కౌంట్ మీదే నడుస్తుంది. ఐస్ వేసిన క్రేట్లలో సరుకు ప్లాంట్‌కి వెళ్తుంది. చెరువులు చిన్నవి, కంటైనర్ పెద్దది. అందుకే ఒక కంటైనర్ నింపడానికి చాలామంది రైతుల సరుకు కలవాలి. ఏ క్రేట్ ఏ చెరువుదో రాసుకోవడం ఎక్కడ ఆగితే డేటా అక్కడే తెగిపోతుంది. ప్యాకెట్ మీది లాట్ నంబర్‌కి విలువ ఉండేది ఆ రాత ఉన్నంత వరకే.

ప్లాంట్‌లో తల తీయడం, పొట్టు ఒలవడం చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. చల్లటి హాల్లో, తడి చేతులతో, గంటల తరబడి నిలబడి. 2024 మార్చిలో షికాగోకి చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రొయ్యల పరిశ్రమ మీద ఒక నివేదిక ఇచ్చింది. కార్మికుల పరిస్థితులు, పర్యావరణం విషయంలో ఘోరమైన లోపాలున్నాయనీ, సర్టిఫికెట్లు వాటిని పట్టుకోలేకపోతున్నాయనీ దాని సారాంశం. పరిశ్రమ ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎంత నిజమో ఒక్క ట్రిప్‌లో నేను తేల్చలేను. కానీ ఒకటి మాత్రం గమనించా. రొయ్య ఒంట్లో బిలియన్‌లో ఒక వంతు మందుని పట్టుకునే వ్యవస్థ దగ్గర, దాన్ని ఒలిచిన మనిషి ఆ రోజు ఎన్ని గంటలు నిలబడిందో చెప్పే కాలమ్ లేదు.

పప్పు ఉడకదు

సాయంత్రం మావయ్యగారి ఇంటి పక్కన ఒకావిడ బిందెలు పెట్టుకుని వాటర్ ప్లాంట్ ఆటో కోసం చూస్తున్నారు. బోరు ఉంది కదండీ అని అడిగా.

“బోరు నీళ్లు కాళ్లు కడుక్కోడానికేనండి. పప్పు ఉడకదు. టీ పెడితే పాలు విరిగిపోతాయి” అన్నారు.

నేను చూసిన మీటర్లన్నిటిలో ఇదే ఇంటింటా ఉన్న మీటర్. గోదావరి డెల్టా ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లతో బతికిన నేల. ఇక్కడ తాగునీళ్లు కొనుక్కుంటున్నారు. మొత్తం పాపం చెరువులదే అనడం అన్యాయం. సముద్రం దగ్గర, భూగర్భంలో ఉప్పు ముందే ఉంది. పట్టణాల మురుగు యనమదుర్రు డ్రెయిన్‌లోకి దిగుతోంది. కానీ వెనామీ కోసం బోర్ల నుంచి తోడిన ఉప్పునీళ్లు ఏ గట్టూ పూర్తిగా ఆపలేదు. పక్క వరి చేలోకి ఊట దిగుతుంది. చౌడు తేలుతుంది. రెండేళ్లు పంట దెబ్బతిన్నాక ఆ రైతు కూడా తన చేనుని చెరువుకి లీజుకిస్తాడు. ఒంటరిగా మిగిలిన ఆ వరి చేల కథ ఇదే.

చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు పంట భూముల్ని, మడ అడవుల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పిచ్చింది. ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. సర్టిఫికెట్లలోనూ నియమాలున్నాయి. 2014లో వచ్చిన ఏఎస్‌సీ రొయ్యల ప్రమాణమైతే చెరువు పక్కనున్న మంచినీటి బావుల్లో కూడా ఉప్పు చూడమంటుంది. కాగితం మీద లోటేమీ లేదు.

లోటల్లా ఆడిట్ చెరువుకి జరుగుతుంది, డ్రెయిన్‌కి కాదు. ఒక చెరువు నుంచి వచ్చే నీళ్లు చూస్తే పర్లేదనిపిస్తుంది. ఒకే డ్రెయిన్‌లోకి వందల చెరువులు పట్టుబడి నీళ్లు వదిలితే ఆ మొత్తం ఎవరి రిపోర్ట్‌లోనూ పడదు. పైగా ఆడిట్ ఖర్చు చిన్న రైతు భరించలేడు. మా డ్యాష్‌బోర్డ్‌లో ‘వదిలిన నీరు’ అని ఒక కాలమ్ ఉంది. ఎక్కువ వరసల్లో అది ఖాళీ. కార్బన్ స్కోర్ మాత్రం రెండు దశాంశాల దాకా వస్తుంది.

ఎవరి భయం, ఎవరి కొలత

రెండు రోజులు తిరిగాక నాకు అర్థమైంది ఇంతే. సప్లై చెయిన్‌లో కొలిచేది ముఖ్యమైనదాన్ని కాదు. డబ్బున్నవాడు భయపడేదాన్ని. రైతుకి మేత ఖర్చు భయం, చెక్ ట్రే ఉంది. కొనేవాడికి యాంటీబయాటిక్ భయం, ల్యాబ్ ఉంది. పప్పు ఉడకని ఆవిడ భయానికి మార్కెట్లో ధర లేదు. కాబట్టి మీటరూ లేదు.

దీనికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు. నీళ్లలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటర్ పెన్నంత ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకి దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఒక డ్రెయిన్ మీద ఉన్న చెరువులన్నిటినీ ఒక యూనిట్‌గా తీసుకుని, డ్రెయిన్ మొదట్లో, చివర్లో, ఊరి బోర్లో నెలకోసారి కొలిచి, ఆ అంకెల్ని పంచాయతీ గోడ మీద రాస్తే చాలు. చిన్న రైతుల్ని సొసైటీలుగా కలిపే పని ఎంపెడా కింద ఉన్న నాక్సా అనే సంస్థ 2007 నుంచీ చేస్తోంది. అంటే కలిసి కొలవడానికి దారి ఉంది. వాడిన నీళ్లని కొన్నాళ్లు ఒక చెరువులో నిలబెట్టి, తేరాక వదలడం ఎలాగో రైతులకి తెలుసు.

ఇదే మాట మావయ్యగారితో అంటే ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

“నిలబెట్టడానికి ఒక చెరువు ఖాళీగా ఉంచాలి బాబూ. ఆ చెరువుకీ లీజు కట్టాలి. రొయ్య రేటులో అది ఎవరిస్తారు?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ వెంటనే చెరువు గట్టు దాకా వచ్చింది. రేట్లు పడ్డాయి. నష్టం ఈ చెయిన్‌లో కిందికి అంత వేగంగా దిగుతుంది. నాలుగు నక్షత్రాలకి అక్కడ ఎక్కువ రేటు పలికితే, అందులో ఆ ఖాళీ చెరువు లీజుకి సరిపడా ఇక్కడిదాకా దిగాలి కదా?

హైదరాబాద్ వచ్చాక కజిన్‌కి మెసేజ్ పెట్టా. ‘ఆ ప్యాకెట్ కంపెనీకి ఒక మెయిల్ కొట్టు. నక్షత్రాల గురించి అడగొద్దు. ఈ చెరువుల నీళ్లు ఏ డ్రెయిన్‌లో కలుస్తాయి, ఆ డ్రెయిన్‌లో ఉప్పెంత అని మాత్రం అడుగు’ అని. జవాబు వస్తుందో లేదో తెలీదు. కానీ కొనేవాళ్లు వరసగా అడగడం మొదలుపెడితే అది కూడా ఒక భయమే. మా కాలమ్ నిండేది అప్పుడే.